పదకొండు నిక్కర్లు, ఒక పెళ్ళి

ఆ ఏడాది ఎవరి చేతిలోనూ ఓడని మన దేశం ఫుట్‌బాల్ జట్టును ఇంటికి పంపించింది ఎదుటి జట్టు కాదు. బకెట్టెడు గంజి.

ఆగండి, ఆగండి. చిన్నప్పుడు బళ్ళో సిస్టరమ్మలు అబద్ధమాడితే నాలుకకు సబ్బు రాస్తామని బెదిరించేవారు. ఆ సబ్బు రుచి జ్ఞాపకం వచ్చింది కనుక ఇందులో సగం వెనక్కి తీసుకుంటున్నాను. గోలు కొట్టింది ఎదుటివాళ్ళే. తమ కాళ్ళతోనే కొట్టారు. గంజి తనంతట తాను బకెట్లోంచి లేచి వెళ్ళి బంతిని తన్నలేదు. కాని ఆ బంతికి దారి ఇచ్చింది మాత్రం గంజే. బకెట్టెడు కాకపోతే ముప్పావు బకెట్టు. అంతకన్నా తగ్గేది లేదు.

ఆ గంజి కలిపిన చెయ్యి ఫెళఫెళ బాబాయిది.

ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఎవరూ వాడకపోవడంతో అది బీరువా అడుగున మడత విప్పని చొక్కాలా ఉండిపోయింది. బజారు మలుపులో లాండ్రీ కొట్టు ఆయనది. వీధిలో మనిషి కనిపించడానికి ముందే చొక్కా వినిపించేది, ఫెళ ఫెళ, ఫెళ ఫెళ అని. మలుపు తిరగకముందే కుక్కలు లేచి దారి ఇచ్చేవి. అందుకని పెద్దవాళ్ళు ఫెళఫెళ అన్నారు, పిల్లలు దానికి బాబాయిని తగిలించారు.

పని వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నాడు. గంజిపొడిని చన్నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, మరిగే నీళ్ళు పోస్తూ తిప్పుతూ ఉంటే తెల్లటి నీళ్ళు ఉన్నట్టుండి గాజులా మారే క్షణం ఒకటి ఉంటుంది. ఆ క్షణం కోసమే ఆయన పొద్దున్నే నిద్ర లేచేవాడు. “మనిషికి వెన్నెముక, బట్టకు గంజి. ఈ రెండూ లేనివాడు కుర్చీ మీద తువ్వాలుతో సమానం” అనేవాడు.

వచ్చిన చిక్కల్లా, గంజి తక్కువ పెట్టడం ఆయన చేతికి రాదు.

“కొద్దిగా పెట్టు బాబాయ్ అన్నాను కదా!” అని గొడవకు వచ్చేవాళ్ళు జనం.

“కొద్దిగానే పెట్టాగా.”

“కూర్చుంటే గుచ్చుకుంటోంది!”

“అయితే నిలబడు. నిలబడ్డవాడే పైకొస్తాడు.”

బ్యాంకు గుమాస్తా ఒకాయన సాయంత్రం ఇంటికి వెళ్ళి ప్యాంటు విప్పితే, అది పడకుండా తలుపు పక్కన అలాగే నిలబడిపోయిందట. చూపు సరిగ్గా ఆనని అత్తగారు వచ్చి, “ఎంతసేపయింది అల్లుడూ వచ్చి? ఉలుకూ పలుకూ లేదేం?” అని దానితోనే కాసేపు మాట్లాడి, జవాబు రాకపోయేసరికి అలిగి వెళ్ళిపోయిందట. ఇది నేను చూడలేదు. కాని ఆ అత్తగారు అల్లుడితో మాట్లాడడం మానేసిన మాట ఊరందరికీ తెలుసు.

ఇలాంటి మనిషికి పిల్లనెవరిస్తారు? యాభైకి దగ్గరపడుతున్నా ఇవ్వలేదు. చివరికి పిల్లే వచ్చింది, టోపీ పట్టుకుని.

పెద్దాస్పత్రిలో హెడ్డు నర్సు ఆవిడ. నలభై దాటిన మనిషి. ఆవిడ గొంతు వింటే రోగులు రోగం మరిచిపోయి సర్దుకుని పడుకునేవాళ్ళు. ఆవిడకు ఒకటే దిగులు, తెల్లటోపీ. ఎక్కడ ఉతికించినా మధ్యాహ్నానికి వడిలిన ఆకులా చెవుల మీదికి వాలిపోయేది. ఫెళఫెళ చేతిలో పడ్డాక ఆ టోపీ తెరచాపలా లేచి నిలబడింది. మరుసటి వారం వచ్చి, “ఈ టోపీ పెట్టుకుని వార్డులోకి వెళితే డాక్టర్లు కూడా లేచి నిలబడుతున్నారండీ” అంది.

మెప్పుకు బాబాయి దగ్గరున్న జవాబు ఒకటే. ఆ వారం టోపీకి ఇంకో గరిటె గంజి ఎక్కువ పెట్టాడు. మూడో రోజున ఆవిడ కొట్టు ముందుకు వచ్చి, బల్ల మీద రెండు తెల్ల ముక్కలు పెట్టింది. టోపీ చిరగలేదు. విరిగింది.

“అతికిస్తారా?” అంది చాలా గంభీరంగా.

ఆయన ఆ ముక్కల వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. ఇద్దరికీ ఒకేసారి నవ్వు తన్నుకొచ్చింది. ఇస్త్రీపెట్టె కింద ఎవరిదో లాల్చీ కాలి వాసన వచ్చేదాకా ఆపుకోలేకపోయారు. సంబంధం అక్కడే కుదిరిపోయింది.

కుదిరింది గాని జరగలేదు. మొదటిసారి ముహూర్తానికి బాబాయి చెయ్యి బెణికింది. రెండోసారి ముహూర్తం రోజునే జాతీయ జట్టు పక్క ఊళ్ళో ఆడుతోందని తెలిసి, “ఒక్క రోజు జరుపుదామా?” అన్నాడు. ఆ జట్టంటే ఆయనకు ప్రాణం. కొట్టు ముందు కట్టిన జెండాకు కూడా గంజి పెట్టాడు. గాలి ఉన్నా లేకపోయినా అది రేకు ముక్కలా చాచుకునే ఉండేది. ఆ ఒక్క రోజు జరపబోతే ఆవిడకు మళ్ళీ సెలవు దొరక్క ఏడాది జరిగింది.

మూడో ముహూర్తం పెట్టేటప్పుడు ఆవిడ వేలు చూపించి చెప్పింది. మామూలుగా మీరు అనే మనిషి, కోపం వస్తే నువ్వులోకి దిగేది.

“విన్నావా? మొదటిసారి చెయ్యన్నావు. రెండోసారి ఆటన్నావు. మూడోసారి ఏమన్నా అన్నావంటే, ఇంక నేను డ్యూటీకి, నువ్వు ఇస్త్రీకి. నా టోపీ కూడా ఇంకో చోట ఉతికించుకుంటా.”

పెళ్ళి ఆగితే ఆగింది, టోపీ కూడా పోతుందా అని బాబాయి గుండె గుభేలుమంది.

మూడో ముహూర్తం పెట్టుకున్నది నాకౌట్ పోటీల తేదీలు రాకముందు. తేదీలు వచ్చాక చూస్తే ఏముంది, సరిగ్గా పెళ్ళి రోజు సాయంత్రమే ఫైనలు! మన జట్టేమో ఆ ఏడాది పట్టపగ్గాల్లేకుండా ఉంది. ఎవరు ఎదురొస్తే వాళ్ళకు అరడజను గోల్సు తినిపించి పంపుతోంది. కప్పు మనదేనని మన పత్రికలే కాదు, ఎదుటివాళ్ళ పత్రికలూ రాశాయి.

ఒక రోజు హాలు పెద్దాయన కొట్టుకొచ్చాడు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక పెళ్ళిహాలు ఆయనదే. ఊళ్ళో ఉన్న ఒకే ఒక పెద్ద టీవీ కూడా కొత్తగా ఆయనే కొన్నాడు. సమస్యంతా అక్కడే ఉంది.

“ఫెళఫెళా, ఒక మాట. మనవాళ్ళు ఫైనలుకు వస్తే ఆ సాయంత్రం హాల్లో టీవీ పెడతా. ఊరంతా వస్తుంది. రాకపోతే హాలు నీది.”

“అదేంటి పెద్దాయనా! మాటిచ్చావుగా!”

“ఇప్పుడూ ఇస్తున్నాగా. మనవాళ్ళు ఓడిపోతే నీ పెళ్ళి. అంతకన్నా గట్టి మాట ఎవడిస్తాడు?”

“మనవాళ్ళు ఓడిపోవడమేంటి? నోరు కడుక్కో!”

“అందుకే, వేరే హాలు చూసుకోమంటున్నా.”

వేరే హాలు లేదు. పోనీ కొట్లోనే చేసుకుందామంటే ఇంకో అడ్డం ఉంది. నర్సమ్మకు తల్లీ తండ్రీ లేరు. ఉన్నది ఒక్క అన్నయ్య, బస్సు డ్రైవరు. అన్నయ్య పక్కన లేకుండా పెళ్ళి చేసుకోనని ఆవిడ ఎప్పుడో చెప్పేసింది. ఆ అన్నయ్యకు జాతీయ జట్టు అంటే పిచ్చి. ఆట ఉందంటే మెడలో బస్సు చక్రమంత డ్రమ్ము తగిలించుకుని గ్యాలరీలో ముందు వరసలో ఉంటాడు.

“బావా, ఆ రోజు కాస్త నువ్వు పెళ్ళిలో ఉండాలి” అన్నాడు బాబాయి అతి వినయంగా.

“పెళ్ళికి నేనెందుకు బావా? పెళ్ళికొడుకువి నువ్వున్నావుగా!”

“నీ చెల్లెలు ఊరుకోదు.”

“దానికేం, రెండుసార్లు ఆగింది, అలవాటైపోయింది. పెళ్ళి ఆగుతుంది బావా. ఫైనలు ఆగుతుందా?”

బాబాయి అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. హాలు సంగతి నర్సమ్మకు చెప్పే ధైర్యం లేదు. ప్రతి ఆటకూ అలవాటుగా చేతులు జోడించి, “దేవుడా, మనవాళ్ళు గెలవాలి” అనేవాడు. వెంటనే నాలుక కరుచుకుని, “మరీ అంత గెలవక్కర్లేదులే” అని మెల్లిగా కలిపేవాడు. దేవుడికి మొదటి సగమే వినిపించేది. మనవాళ్ళు గెలుస్తూ గెలుస్తూ క్వార్టర్ ఫైనల్ ఆడడానికి మా ఊరి స్టేడియానికే వచ్చేశారు.

ఎదుటి జట్టు ఎక్కడో సముద్రం మధ్యనున్న చిన్న దీవులది. వాళ్ళ గోల్‌కీపరు పళ్ళ డాక్టరు. వెనక కాపలా ఆడేవాడు బళ్ళో సంగీతం మాస్టారు. వాళ్ళు ఎలా ఇంతదాకా వచ్చారో వాళ్ళకే తెలియదు. తిరుగు ప్రయాణానికి పెట్టెలు సర్దుకునే వచ్చారని చెప్పుకున్నారు.

ఆటకు ముందు రోజు మధ్యాహ్నం, జట్టు దిగిన హోటల్లో బట్టలుతికే బాయిలరు పేలింది. జట్టు బట్టలూ బూట్లూ చూసుకునే మీసాల మేనేజరు వ్యాన్ వేసుకుని బజారంతా తిరిగి, రేకులా నిలబడిన జెండాను చూసి ఆగాడు. చేతనైన పనివాడి కొట్టనుకున్నాడు పాపం.

లోపల నీళ్ళు పిండే మిషను గడగడలాడుతోంది. మేనేజరు మూటలు దింపించి, మీసం మెలేసి, మిషను మీదుగా అరిచి చెప్పాడు.

“రేపు ఎదురొచ్చేవాళ్ళు చిన్నవాళ్ళే. అయినా సరే మన దర్జా చూపించాలి. మనవాళ్ళు మైదానంలోకి అడుగు పెట్టడంతోనే ఎదుటివాళ్ళు బిగుసుకుపోవాలి. అలా ఉండాలి బట్టలు! తెలిసిందా?”

మిషను మింగగా మిగిలి బాబాయి చెవిన పడింది ఇంతే: “మనవాళ్ళు... మైదానంలోకి... బిగుసుకుపోవాలి... బట్టలు... తెలిసిందా?”

“ఏంటి, బిగుసుకుపోవాలా?” అన్నాడు బాబాయి, తన చెవుల్ని తానే నమ్మలేక.

“బిగుసుకుపోవాలి!”

“బాగానా?”

“బాగా ఏంటి! కదలకూడదు!”

మేనేజరు వెళ్ళిపోయాడు. బాబాయి అక్కడే నిలబడిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతికి గంజి అంటిన నాటి నుంచి అందరూ తగ్గించమన్నవాళ్ళే. ఎక్కువ పెట్టమన్నవాడు పుట్టలేదు. ఇన్నాళ్ళకు ఒక్కడు వచ్చాడు, అదీ ఎవరి కోసం? దేశం కోసం!

పొయ్యి వెలిగించాడు. అమ్మను తలుచుకున్నాడు. అటక మీది గంజిపొడి డబ్బాలన్నీ దింపాడు. నీళ్ళు గాజులా మారే క్షణం వచ్చింది. అక్కడ ఆగాలి. ఆయన ఆగలేదు. ఇంకాస్త పొడి వేసి తిప్పాడు. గరిటె నిలబెడితే నిలబడింది.

ఆ సమయంలో ఆయన మనసు పెళ్ళి మీద ఉందన్న మాట నిజం. ఆయన చేతులు గంజి కలుపుతున్నాయన్న మాటా నిజం. ఈ రెండు నిజాలకూ చుట్టరికం ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఆయన దాన్ని తనను తాను అడుక్కోలేదు. పదకొండు నిక్కర్లూ, పదకొండు జెర్సీలూ ముంచి, పిండి, డాబా మీద ఆరేశాడు. సాయంత్రపు ఎండలో అవి తీగ మీద వేలాడలేదు. వరసగా నిలబడ్డాయి. రెండో జత ఉంటుంది కదా అంటారేమో. ఉంది. అది కూడా ఆ మూటల్లోనే వచ్చింది. దానికీ అదే మర్యాద జరిగింది. వ్యాను వచ్చి వాటిని తీసుకుపోయింది సరిగ్గా ఆట వేళకే, మార్పించే వ్యవధి లేకుండా.

ఆ రోజుల్లో ఆటగాళ్ళవి నూలు బట్టలు. ఇప్పటి జారుడు గుడ్డలకు గంజి పట్టదు. పట్టి ఉంటే చరిత్ర ఇంకెన్ని మలుపులు తిరిగేదో!

మర్నాడు స్టేడియంలో ఇసుక వేస్తే రాలదు. ముందు వరసలో డ్రమ్ముతో డ్రైవరు బావ, పక్కన నర్సమ్మ, ఆవిడ పక్కన బాబాయి. జట్టు మైదానంలోకి నడిచి వచ్చింది. అబ్బ! ఆ నిటారు, ఆ తెలుపు! జాతీయ గీతానికి అంత నిలువుగా నిలబడిన జట్టును జనం అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. వంగలేక అలా నిలబడ్డారని ఎవరికి తెలుసు?

“చూశావా బావా, మనవాళ్ళ ఠీవి!” అన్నాడు డ్రైవరు.

“చూశా బావా” అన్నాడు బాబాయి. గర్వంగా తన కాలరు కూడా సర్దుకున్నాడు.

ఆట మొదలైంది. మన ఎడమ వింగు కుర్రాణ్ణి మెరుపు అనేవాళ్ళు. బంతి అందుకుని మెరుపులా దూసుకుపోయాడు. అతను పరుగెత్తుతుంటే నిక్కరు ఫెళ ఫెళ ఫెళ ఫెళమంది. ఎదుటి జట్టులో కాపలా ఉన్నది ఎవరు? సంగీతం మాస్టారు. పిల్లల అపస్వరాలు వినీ వినీ సానబట్టిన చెవులు ఆయనవి. మెరుపు వంక కూడా చూడకుండా, తల కాస్త పక్కకు వంచి చప్పుడు విని, కాలు చాపి బంతి లాగేసుకున్నాడు. మళ్ళీ వెళ్ళాడు మెరుపు, మళ్ళీ లాగేసుకున్నాడు మాస్టారు. కళ్ళు మూసుకునే లాగేసుకున్నాడని అంటారు. కళ్ళు మూసుకున్న మాట నేను నమ్మను, అరమోడ్చి ఉంటాడు.

మన సెంటర్ ఫార్వర్డు ఛాతీతో బంతిని ఆపడంలో మొనగాడు. ఆ రోజు బంతి ఛాతీకి తగిలి, డ్రమ్ము మీద పడినట్టు ఢమ్మని మోగి, ఎగిరి వెళ్ళి పళ్ళ డాక్టరు ఒళ్ళో కూర్చుంది. రేడియోలో వ్యాఖ్యాత, “ఏదో కరకర శబ్దం వస్తోంది, శ్రోతలు మన్నించాలి” అని పదే పదే అంటున్నాడు. అదేదో వైర్లలో లోపమనుకుని ఇంజనీర్లు పరుగులు పెట్టారు.

నర్సమ్మ మాత్రం మైదానం వంక చూడడం మానేసి, మెల్లిగా బాబాయి వంక చూడడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు ఆవిడకు తెలుసు. రోజూ డ్యూటీలో ఆవిడ తల మీద ఉంటుంది అది.

ఆట సగం దాటాక మబ్బు పట్టి చినుకులు పడ్డాయి. బాబాయి ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు.

“వాన!”

“చినుకులేగా బావా! మనవాళ్ళేమన్నా ఉప్పుబొమ్మలా?”

“ఉప్పుబొమ్మలైనా బాగుండేది” అని గొణిగాడు బాబాయి. గంజి తడిస్తే ఏమవుతుందో లాండ్రీవాడికి చెప్పాలా? బంక అవుతుంది.

అయింది. మన గోలు దగ్గర ఎదుటివాళ్ళకు ఫ్రీకిక్ దొరికింది. మనవాళ్ళు నలుగురు భుజం భుజం ఆనించి గోడ కట్టారు. సంగీతం మాస్టారే వచ్చి, బంతిని మెత్తగా, గోడ పక్క నుంచి తన్నాడు. గోడ విడిపోయి అడ్డం పడాలి. పడలేదు. గోడ గోడలాగే ఉండిపోయింది. చివరివాడు ఎడమకు దూకబోతే మిగతా ముగ్గురూ అతనితో పాటు ఊగారు. నలుగురూ అతుక్కుపోయారని నేను అనను. విడిపోవడానికి వాళ్ళకు కాస్త సమయం పట్టింది, అంతే. ఆ లోపల బంతి వెళ్ళి వలలో పడింది. మన గోల్‌కీపరు ఆ బంతి వంక చూశాడు. వంగితే అందేదే. వంగడమే కుదరలేదు.

తర్వాత ఈల వేసేదాకా మనవాళ్ళు చెయ్యని ప్రయత్నం లేదు. ఫెళఫెళ తగ్గి పచపచ మొదలైంది గాని గోలు రాలేదు. కప్పు మనదేనన్న జట్టు, చెవులున్న ఒక మాస్టారి చేతిలో ఇంటిదారి పట్టింది. పళ్ళ డాక్టరు మైదానం మధ్య కూర్చుని నమ్మలేక తన పళ్ళు తానే లెక్కపెట్టుకుంటున్నాడు. స్టేడియం మొత్తం శవం లేచిన ఇల్లులా అయిపోయింది.

బాబాయికి ఏడుపు రావాలి. వచ్చింది కూడా. సగం దూరం వచ్చి ఆగింది. ఎందుకంటే దానికి ఎదురుగా ఇంకోటి వస్తోంది. ఫైనలు లేదు. ఫైనలు లేకపోతే టీవీ లేదు. టీవీ లేకపోతే హాలుంది, బావ ఉన్నాడు, పెళ్ళి ఉంది! పొయ్యి మీద పాలు పొంగినట్టు కడుపులోంచి నవ్వు పొంగింది. చుట్టూ జనం గుండెలు బాదుకుంటున్నారు. ఇప్పుడు నవ్వితే ముక్కలు ముక్కలు చేస్తారు. పెదవి కొరికాడు. ముక్కు మూసుకున్నాడు. మొహం చేతుల్లో దాచుకుని వంగిపోయాడు. భుజాలు మాత్రం మాట వినలేదు. ఎగిరెగిరి పడ్డాయి.

డ్రైవరు బావ చూశాడు. ఆ కుదుపు చూసి అతని గుండె కరిగిపోయింది.

“ఏడవకు బావా! అయ్యో, ఎంత ప్రేమ బావా నీకు జట్టంటే! నేను కూడా ఇంత ఏడవలేదు!” అని రెండు చేతులా గట్టిగా కౌగిలించుకున్నాడు.

గ్యాలరీ కప్పు కింద తడవకుండా ఉన్న బాబాయి చొక్కా ఫెళ్ళుమంది.

డ్రైవరు కౌగిలి వదల్లేదు గాని, ఏడుపు ఆపాడు. “ఈ చప్పుడు...” అన్నాడు. “ఇందాకటి నుంచి వింటున్న చప్పుడు బావా ఇది...”

బాబాయి నవ్వు ఎక్కడిదక్కడ గడ్డకట్టింది.

“నీ మొహం, చెవిలో డ్రమ్ము మోగించుకుంటే ఈ చప్పుడే వస్తుంది” అంది నర్సమ్మ చటుక్కున. “రేపొచ్చి చెవుల డాక్టరుకు చూపించుకో అన్నయ్యా. పద, జనం తోసుకొస్తున్నారు.”

ఆవిడ గొంతుకు రోగులే కాదు, అన్నలు కూడా లొంగుతారు. డ్రైవరు డ్రమ్ము సర్దుకుని ముందు నడిచాడు. స్టేడియం బయట, మూసి ఉన్న చెప్పుల కొట్టు చూరు కింద ఆవిడ బాబాయిని ఆపింది.

“ఆ బట్టలు మీ కొట్లోంచి వెళ్ళినవేనా?”

తలూపాడు.

“ఎంత పెట్టారు?”

“ముప్పావు బకెట్టు.”

“కావాలని పెట్టారా? పొరపాటున పెట్టారా?”

“అదీ... మిషను చప్పుడులో మీసాలాయన బిగుసుకు...”

“ఆగు.” నువ్వులోకి దిగింది. “ఆలోచించుకుని చెప్పు. ఫైనలుంటే పెళ్ళికి రానన్న మాట అన్నయ్య నాకు చెప్పాడు, హాలు సంగతి కూడా. రెండోసారి నా పెళ్ళి ఈ జట్టు కోసం ఆపావు. ఇవాళ నా కోసం ఈ జట్టునే ఆపానంటావా, ఇదుగో ఈ చూరు కిందే చేసుకోమన్నా చేసుకుంటా. లేదూ, మిషను గోలలో సరిగ్గా వినపడలేదంటావా, చెవులు వినపడనివాళ్ళు నాకు వార్డునిండా ఉన్నారు. ఇంట్లో కూడా ఎందుకు?”

కావాలన్నాడంటే దేశద్రోహం. పొరపాటన్నాడంటే బ్రహ్మచర్యం. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. బాబాయికి ఒక్కటి చాలేట్టుంది, అదీ అబద్ధమో నిజమో ఆయనకే తేలలేదు.

“కావాలనే పెట్టా” అన్నాడు.

“ఏదీ, మళ్ళీ చెప్పు.”

“కావాలనే పెట్టా. నీ కోసమే పెట్టా. ఇంకా పెట్టేవాణ్ణి, పొడి అయిపోయింది.”

ఆవిడ నవ్విన నవ్వుకు, ఊరంతా ఏడుస్తున్న ఆ వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. బాధ తట్టుకోలేక మతి చెదిరిందనుకుని జాలిపడి వెళ్ళిపోయారు.

నవ్వు ఆగాక ఆవిడ మళ్ళీ మీరులోకి వచ్చింది. “ఒకటి వినండి. అన్నయ్యకు అనుమానం వచ్చింది. పెళ్ళి అయ్యేదాకా మీ ఒంటి మీద గంజి కనిపించకూడదు, వినిపించకూడదు.”

బాబాయి జీవితంలో చేసిన పెద్ద త్యాగం అదే.

పెళ్ళికి ఆ హాల్లో ఎన్నడూ పట్టనంత జనం వచ్చారు. రాకేం చేస్తారు? ఫైనలు కోసమని ఊరంతా ఆ సాయంత్రం పనులు లేకుండా చేసుకుంది. కొత్త బట్టలన్నీ జట్టు రంగుల్లోనే కుట్టించుకున్నారు, అవే వేసుకొచ్చారు. హాలు పెద్దాయన మూలనున్న టీవీ మీద దుప్పటి కప్పి కళ్ళు ఒత్తుకున్నాడు. డ్రైవరు బావ డ్రమ్ముతో సహా వచ్చాడు. అంతా ఉన్నారు. పెళ్ళికొడుకు లేడు.

“ఫెళఫెళ ఏడీ?” అని హాలు పెద్దాయన కేకలు పెట్టాడు.

“ఇక్కడే ఉన్నా” అని ఎవరో మెత్తగా అన్నారు.

“నువ్వెవరయ్యా మధ్యలో? తప్పుకో. పెళ్ళికొడుకు రావాలి.”

“నేనే పెద్దాయనా!”

“నువ్వేంటి? ఫెళఫెళ వస్తే మాకు వినపడదా?”

నీళ్ళలో ముంచి తీసిన కాగితంలా వాలిపోయిన బట్టల్లో, బాబాయి గుంపు మధ్య ఇటూ అటూ తోపులాటకు ఊగుతూ, “నేనే, నేనే” అంటున్నాడు. వినేవాడు లేడు. ఆ మొహాన్ని చప్పుడు లేకుండా విడిగా ఎప్పుడూ ఎవరూ చూసినట్టు లేరు.

“మూడోసారి కూడా ఎగ్గొట్టాడు!” అని డ్రైవరు బావ డ్రమ్ముకర్ర పైకెత్తాడు. “దొరకనీ, వాణ్ణి...”

అప్పుడు పెళ్ళికూతురు లేచి వచ్చింది. మెత్తటి మనిషి ముందు నిలబడి పైనుంచి కిందికి చూసి, “ఛీ, ఏం బాగోలేరు” అంది. చేతిసంచీలోంచి తన నర్సు టోపీ తీసి, ఆయన చొక్కా జేబులో నిలువుగా దోపి, దాన్ని వేలితో ఒక్క దెబ్బ కొట్టింది.

ఫెళ్!

హాలంతా గిరుక్కున తిరిగింది. “అదుగో! ఫెళఫెళ!” అని గోలగోలగా చప్పట్లు కొట్టారు.

డ్రైవరు బావ కర్ర మాత్రం గాలిలోనే ఆగిపోయింది. టోపీ వంక చూశాడు. బాబాయి వంక చూశాడు. అతని మొహంలో ఒక ఎడమ వింగూ, ఒక ఛాతీ, ఒక గోడా ఒకదాని వెనక ఒకటి నడిచి వెళ్ళాయి. నోరు తెరిచాడు. అప్పుడే చెల్లెలి మొహం కంటబడింది. మూడు ముహూర్తాల సంతోషం ఒకేసారి వచ్చి కూర్చున్న మొహం అది. తెరిచిన నోరు మూసుకున్నాడు. కర్ర దించి, ఆ చప్పుడు ఇంకెవరి చెవినా పడకుండా, హాలు కప్పు అదిరిపోయేలా డ్రమ్ము వాయించాడు. పెళ్ళి అయ్యేదాకా ఆపలేదు.

ఇదీ కథ. ఇప్పుడు బాబాయికి ఎనభై దాటాయి. కొట్టు మేనల్లుడు చూసుకుంటున్నాడు. మొన్న వాళ్ళింటి వరండాలో, ఆయనను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒక్క ముక్క పొల్లుపోకుండా ఇదంతా నేనే నలుగురికీ చెప్పాను. ఆయన కదిలినప్పుడల్లా చొక్కా ఫెళఫెళమంటూనే ఉంది. చివరిదాకా విని, కళ్ళజోడు సర్దుకున్నాడు.

“అబద్ధం. మొదటి నుంచి చివరిదాకా అబద్ధం. నేను ఎవరి నిక్కరుకూ గంజి పెట్టలేదు.”

“ఏమన్నారూ?” అని లోపలి గదిలోంచి ఒక గొంతు వినిపించింది. ఎనభై పడకల వార్డును సర్దుకుని పడుకోబెట్టిన గొంతు. “పెట్టలేదా? నా కోసం కావాలని పెట్టలేదా?”

బాబాయి గుమ్మం వంక చూశాడు. మా వంక చూశాడు. మళ్ళీ గుమ్మం వంక చూశాడు.

“గంజి సంగతి కాదే!” అన్నాడు గట్టిగా. “మనవాళ్ళు ఆ రోజు ఓడిపోనేలేదు అంటున్నా.”